తిన్న ఒంటికి రాని అమ్మ

దోర్నాల నుంచి మార్కాపురం పోయే బస్సు, పెద్దారవీడు ఇంకా రెండూళ్ళ అవతల ఉందనగా, ముందు టైరు పగిలి రోడ్డు పక్కకు ఒరిగింది. డ్రైవరు దిగి టైరును ఒకసారి, మమ్మల్ని ఒకసారి చూశాడు.

"దిగండి, దిగండి. నట్లు బిగుసుకుపోయి ఉండాయి. టయిం పడతాది."

చైత్రమాసపు ఎండ. పొద్దెక్కకముందే తారు మెత్తబడుతోంది. ఒక పక్క కోసేసిన కంది మోళ్ళు. ఇంకో పక్క దూరంగా నల్లమల, నీలంగా, మాతో ఏ సంబంధమూ లేనట్టు.

ఇట్లా దారి మధ్యలో ఆగిపోవడం నాకు అలవాటే, ఇష్టం కూడా. నేను కలుసుకున్న మంచి మనుషుల్లో సగం మంది బస్సులు చెడిపోయినప్పుడు దొరికినవాళ్ళే. బస్సులు సరిగ్గా నడిచే దేశాల్లో కథలు ఎలా పుడతాయో నాకు అర్థం కాదు. అందుకే సంచి భుజాన వేసుకుని, కానుగ చెట్టు నీడలో ఒక రాయి చూసుకుని కూర్చున్నాను.

నాకు కొంచెం ఎడంగా ఒకామె కూర్చుని ఉంది. యాభై ఐదేళ్ళుంటాయి. సన్నగా, నల్లగా, నిటారుగా ఉంది. నుదుటి మీద బొట్టు లేదు, మెడలో నల్లపూసలున్నాయి. ఆమె తువ్వాలు మూట విప్పి, సజ్జరొట్టె తీసి, దానిమీద గోంగూర పచ్చడి రాసుకుని ఒక ముక్క తుంచింది. ఆ ముక్క నోటి దాకా పోలేదు.

"అయ్యో తల్లీ! ఏంది నువ్వు చేస్తండేది!"

బస్సు నీడలో నిలబడ్డ ఇంకొకామె పరుగున వచ్చి ఈమె కాళ్ళ మీద పడింది. ముక్కుకు రెండు పక్కలా ముక్కుపుడకలు, రూపాయంత బొట్టు. పేరు మస్తానమ్మ అని తర్వాత తెలిసింది. మా పక్క ఇది మామూలే. పిల్లలు నిలవకపోతే దర్గాకు మొక్కుకుంటారు, పుట్టిన పిల్లకు మస్తానమ్మ అని పేరు పెడతారు, ఆ పిల్ల పెద్దయి పోలేరమ్మకు కోడిని కోస్తుంది, ఆదివారం ఎవరన్నా ప్రార్థన కూటానికి పిలిస్తే అక్కడికీ పోయి కూర్చుంటుంది. మతాల గురించి పెద్ద పెద్ద పుస్తకాలు రాసినవాళ్ళు మస్తానమ్మను ఏ అధ్యాయంలో పెట్టాలో తెలియక వదిలేశారు.

"కాళ్ళు వదులమ్మా. ఆనెకాయలు తప్ప ఏముండాయి ఆ కాళ్ళల్లో" అంది రొట్టె ఆమె.

"ఈ పొద్దు మీ ఊళ్ళో కొలుపులు గదా తల్లీ! నువ్వు ముద్ద ముట్టుకోవచ్చునా? తిన్న ఒంటికి అమ్మ వస్తాదా?"

"రాదంటనే తింటండా" అని ఆమె రొట్టె ముక్క నోట్లో పెట్టుకుంది.

మస్తానమ్మ లేచి, చెంగుతో కళ్ళు తుడుచుకుని, నన్ను సాక్ష్యానికి పిలిచింది.

"చూసినావా పెద్దాయనా? ఈమె ఎవరనుకున్నావు? కాశమ్మ తల్లి! పోలేరమ్మ ఈమె మీదకే వస్తాది. మూడేండ్ల కిందట నేను పోయి మొక్కితే, నీ కొడుక్కి పెండ్లి అవుతాది పో అనింది. అయింది!"

"పెండ్లీడు వచ్చినోడికి పెండ్లి గాక ఏమవుతాది?" అంది కాశమ్మ నములుతూనే. తర్వాత రొట్టెలో ఒక సగం తుంచి ఆమె చేతిలో పెట్టింది. "ఇంద. పొద్దున్నుంచి ఏమీ తిన్నట్టు లేవు, మొహం పీక్కపోయింది."

మస్తానమ్మ దాన్ని రెండు చేతులతో అందుకుని, కళ్ళకద్దుకుని, ప్రసాదం తిన్నట్టు మెల్లగా తిన్నది. పచ్చడి కారానికి కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. అవి భక్తి వల్లనే అనుకుని ఉంటుంది.

మిగిలిన రొట్టెలో నాకూ ఒక ముక్క దక్కింది. తింటూ అడిగాను. "నిజంగా అమ్మ వస్తుందా తల్లీ నీ మీదికి?"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. నా గడ్డం, సంచిలోంచి తొంగిచూస్తున్న పుస్తకాల అంచులు, అరిగిన చెప్పులు అన్నీ చూసింది.

"నువ్వు ఎవరు, స్వాములోరా?"

"కాదమ్మా. తిరుగుబోతును. ఊళ్ళు తిరుగుతుంటాను."

"దేవుడుండాడంటావా, లేడంటావా?"

ఈ ప్రశ్న నన్ను సూటిగా అడిగినవాళ్ళు తక్కువ. మా తాలూకా కర్నూలు జిల్లాలో ఉన్న రోజుల్లో పుట్టినవాణ్ణి. అప్పటినుంచి ఈ సంగతి మీద దొరికిన పుస్తకమల్లా చదివాను. ఉన్నాడనేవాళ్ళ సత్రాల్లో భోంచేశాను. లేడనేవాళ్ళు నిప్పుల మీద నడిచి చూపించే సభల్లో ముందు వరసలో కూర్చున్నాను. ఇంత తిరిగి నేను చేరిన చోటు ఒక్కటే.

"నాకు తెలియదమ్మా" అన్నాను.

"అది మంచి మాటే. తెలీనోడు ఎవురినీ ఎండలో నిలబెట్టడు" అంది ఆమె.

ఎండలో నిలబెట్టడం ఏమిటని అడిగాను. అప్పుడు చెప్పుకొచ్చింది. డ్రైవరు ఒక నట్టు ఊడదీసినప్పుడల్లా జనం ఉషారుగా అరుస్తున్నారు, ఆ అరుపుల మధ్య.

కాశమ్మ వాళ్ళది ఈ రోడ్డు నుంచే లోపలికి, ఆ కంది చేల అవతలికి నడిచిపోతే వచ్చే చిన్న ఊరు. చేను ఉంది, నీళ్ళు లేవు. ఆ ఊరికి పోలేరమ్మ రాయి, ఏటా కొలుపులు. కొలుపుల రోజు పొద్దుగూకగానే ఊరు కట్టేస్తారు. అంటే లోపలివాళ్ళు పొలిమేర దాటరాదు, బయటివాళ్ళు రారాదు. రాత్రంతా డప్పు. అమ్మ ఒక ఆడమనిషి మీదికి వచ్చి "చల్లగా ఉండండి" అని పలకాలి. పలికితేనే అన్నంలో నెత్తురు కలిపి ఊరి చుట్టూ పొలి చల్లుతారు. పలకకపోతే కొలుపు ముగిసినట్టు కాదు, ఊరికి మంచిది కాదు. అమ్మ వచ్చేది మాత్రం ఒక్క ఇంటి మీదనే, ఆ ఇంటి కోడలి మీదనే. కాశమ్మ అత్త సుబ్బరత్నమ్మ మీద వచ్చేది. ఆమె పోయాక వచ్చిన మొదటి కొలుపుల్లో కాశమ్మను నిలబెట్టారు.

"ముందురోజు నుంచి పస్తు. పొద్దున్నుంచి నెత్తిన పసుపునీళ్ళు పోస్తానే ఉండారు, తడిసిన కోకతోనే ఎండలో నిలబెట్టినారు. పొద్దుగూకినాక డప్పు అందుకునింది. ఇంక నాకు తెలీదు పెద్దాయనా. తెలివొచ్చి చూస్తే అందరూ నా కాళ్ళకాడ. మా ఆయన చిన్నమల్లయ్య ఉండాడే, అంతవరకూ నా మొహం చూసి నిండుగా ఒక మాట మాట్లాడినోడు కాదు. ఆ పొద్దు లోటాతో మజ్జిగ తెచ్చి, రెండు చేతులతో పట్టుకుని నిలబడినాడు."

"నమ్మావా అప్పుడు?"

"ఎందుకు నమ్మను? బాగుండింది గదా!" అని నవ్వింది. "ఏడాదంతా నేను చెప్పింది ఎవురూ వినరు. ఆ ఒక్కనాడు నేను తుమ్మినా అర్థం చెప్పుకుంటారు. రోడ్డు మీద రాళ్ళు తీసేయండ్రా అంటే తీసేసినారు. సారా తాగొద్దంటే మూడు నెల్లు తాగలే. అది నేను చెప్పిన మాట కాదంట, అమ్మ మాటంట. సరే, ఎవురిదైతే ఏంది అనుకున్నా."

అట్లా చాలా ఏళ్ళు గడిచాయి. పాడు చేసింది ఒక పెళ్ళి.

హనుమంతునిపాడు పక్కన బంధువుల ఇంట్లో పెళ్ళికి పోయింది. మేళం ఈమె ఊరి శాంతయ్యదే. శాంతయ్య ఆ ఊరి డప్పుల జట్టుకు పెద్ద. ఆదివారం చర్చికి పోతాడు, కొలుపులకు పోలేరమ్మ ముందు కొడతాడు, పెళ్ళిళ్ళకు పెళ్ళి దరువు వేస్తాడు. దేనికదే. ఆ రోజు భోజనాల పందిరి పక్కన కొడుతూ కొడుతూ, పరధ్యానంలో చేయి జారి, కొలుపుల దరువులోకి వెళ్ళిపోయాడు. పంక్తిలో కూర్చుని ఉన్న కాశమ్మ విస్తరి ముందు లేచి నిలబడి ఊగడం మొదలుపెట్టింది.

"పెరుగన్నం చేతిలో ఉండాది పెద్దాయనా! అట్లనే ఊగినా. పెండ్లికొడుకు వాళ్ళు, పిలవకుండానే అమ్మ వచ్చిందని మురిసిపోయి కోక పెట్టినారు. ఇంటికి వచ్చినాక నాకు నిద్ర పట్టలే. తిన్న ఒంటికి అమ్మ రాదంటారు గదా. నేను రెండు బూరెలు తిన్నా, పప్పన్నం తిన్నా, చారులోకి వచ్చినా, పెరుగులోకి వచ్చినా. మరి ఎట్ల వచ్చింది? అమ్మకి ఆ సంగతి తెలీదా?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"నవ్వొద్దు. అంతకాలం నన్ను పస్తు పెట్టింది ఆ మాట మీదనే గదా."

మరుసటి వారం ఆమె శాంతయ్య ఇంటికి పోయింది. తమ్ముడా, కళ్ళం కాడికి డప్పు తీసుకురా, ఎవరికీ చెప్పొద్దు అంది. పట్టపగలు, ఎవరూ లేని కళ్ళంలో, కడుపునిండా తిని వచ్చి, కొట్టమంది. అతను కొట్టాడు. కాళ్ళు వణికాయి, మెడ తిరిగింది. ఆపమంది. ఆపాడు. ఆగింది. మళ్ళీ కొట్టమంది. మళ్ళీ వచ్చింది. పెళ్ళి దరువు వేయమంది. రాలేదు. కొలుపుల దరువు వేయమంది. వచ్చింది.

"శాంతయ్య ఏమన్నాడు?"

"ఏమంటాడు? 'నాకు ముందునుంచే తెలుసక్కా. ఏ దెబ్బకు లేస్తావో చూసుకునే కొడతా. మీ అత్తకైతే ఇంకో దెబ్బ ఉండాది' అనినాడు. ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదురా అంటే, 'నువ్వు అడగలేదు గదా' అనినాడు."

ఆఖరికి ఆమె కళ్ళం గుంజను పట్టుకుని, పళ్ళు బిగించి, ఈసారి ఎంత సేపైనా కొట్టమంది. చెమటలు కారాయి. చేతులు గుంజను వదల్లేదు. శాంతయ్య చేతులే అలిసిపోయాయి.

"ఆ పొద్దు ఇంటికి నడిచిపోతా ఉంటే, ఈ ఒళ్ళు నాదే గదా అనిపించింది. ఎన్నాళ్ళకో" అంది కాశమ్మ. చేతికంటిన పచ్చడి తుడుచుకుంటూ మామూలుగా అంది.

నేను చాలామంది నాస్తికులను చూశాను. పుస్తకాలు చదివి అయినవాళ్ళు, కష్టం వచ్చి అయినవాళ్ళు, పంతులుతో పడక అయినవాళ్ళు. గుంజను పట్టుకుని అయినామెను చూడటం ఇదే మొదలు.

పోయిన ఏటి కొలుపుల్లో ఆమె అన్నం తిని, పొడి కోకతో వచ్చి పోలేరమ్మ ముందు నిలబడింది. శాంతయ్య కొట్టాడు. ఆమె కదల్లేదు. ఊరంతా గుడ్లప్పగించి చూసింది. అప్పుడు గొంతెత్తి చెప్పింది. "ఎవురూ రాలే. ఎప్పుడూ ఎవురూ రాలే. ఇది డప్పు."

"ఊరు ఏమంది?"

కాశమ్మ తలకొట్టుకుంది. "ఏమంటారు? 'అమ్మ పలికింది' అన్నారు! 'నేను రాలేదు అంటండాది, అలిగింది, ఊరొదిలి పోతాదంట' అని కుయ్యో మొర్రో అని ఏడుపు. నేను కాశమ్మనురా అంటే ఇంకా భయపడినారు. అమ్మ లేదురా అంటే, లేదని అమ్మే చెప్తండాదని టెంకాయలు కొట్టినారు. ఎంత కాదంటే అంత ఔనంటారు. చెప్పేదానికి నాకు నోరు లేకుండా చేసినారు పెద్దాయనా. నా నోట్లోంచి ఏది వచ్చినా అది నాది కాదంట!"

చల్లగా ఉండండి అన్న మాట పడలేదు కాబట్టి పొలి చల్లలేదు. ఆ ఏడు వాన పడలేదు. పడని వాన ఆ ఊరికి కొత్త కాదు. కానీ ఈసారి కారణం దొరికింది. ఊరి పెద్ద పిచ్చయ్య, కాశమ్మకు వరసకు బావ, తీర్పు చెప్పాడు. అమ్మ కాశమ్మను వదిలేసింది, ఇంటి మీద మాత్రం ఉంది, ఇక కోడలి మీదికి రావాలి అని.

కోడలు మంగ. ఐదో నెల కడుపుతో ఉంది. ఒంట్లో రక్తం లేదని మార్కాపురం ఆసుపత్రిలో మాత్రలు ఇచ్చారు. పూటపూటా తినమన్నారు. అలాంటి పిల్లను ముందురోజు నుంచి పస్తు పెట్టి, తడిబట్టలతో ఎండలో నిలబెడతామంటున్నారు. కొడుకు మోహన్ దర్శిలో టిప్పరు నడుపుతాడు. ఊరికి ఎదురు చెప్పలేక, ఫోనులో "నీ ఇష్టంమా" అని పెట్టేశాడు. కాశమ్మ నిన్న తెల్లవారకముందే మంగను లేపి, బస్సెక్కించి, దోర్నాల అవతల పుట్టింట్లో దించి వస్తోంది.

"నువ్వూ అక్కడే ఉండిపోవచ్చు కదా ఈ రోజుకు?" అన్నాను.

"నేను ఊళ్ళో లేకపోతే పారిపోయింది అంటారు. తప్పు చేసినోళ్ళు పారిపోతారు. ఊరు కట్టేలోపల పోయి నిలబడాల. రాత్రంతా నిలబడతా. కొట్టుకోమను."

"అమ్మవారు అసలు లేదనే అంటావా కాశమ్మా?"

ఆమె ఒళ్ళో రాలిన రొట్టె తుంపులను తువ్వాల్లోకి దులిపింది.

"డప్పులో లేదు. అది నేను చూసినా. ఇంకెక్కడన్నా ఉండాదేమో, ఉంటే ఉండనీ. కానీ ఉండేదే అయితే, నా ఒంట్లోకి వచ్చేముందు నన్ను అడగాల గదా? ఇంట్లోకి వచ్చే చుట్టమన్నా గడప కాడ నిలబడి పిలుస్తాడే!"

ఇంతసేపూ పక్కన కూర్చుని వింటున్న మస్తానమ్మ రెండు చెవులూ మూసుకుంది. "ఇవి నీ మాటలు కావు తల్లీ. అమ్మ పరీక్ష పెడతండాది మాకు."

"చూసినావా?" అంది కాశమ్మ నాతో.

అప్పుడే ఎదురుగా దుమ్ము లేపుకుంటూ ఒక ట్రాక్టరు వచ్చింది. ట్రాలీలో డప్పుల జట్టు, వేపమండలు, ఇత్తడి బిందె. డ్రైవరు పక్కన మడ్డిగార్డు మీద తెల్లపంచె పెద్దమనిషి. కాశమ్మను చూసి ట్రాక్టరు ఆపించాడు. అతను పిచ్చయ్య అని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. కాశమ్మ మొహమే చెప్పింది.

"ఏమే కాశమ్మా! పిల్ల ఏది?" అని కిందికి దూకాడు.

"పుట్టింట్లో ఉండాది బావా. రాత్రే చేపల పులుసు తినింది. పొద్దున్నే మళ్ళా తినింది."

పిచ్చయ్య మొహం వాడిపోయింది. "తినిందా? సరే, ఇప్పట్నుంచి పస్తు పెడదాం, ఇంకా పొద్దుండాది. ఇప్పుడు పోయి తీసుకొస్తా. అమ్మను డప్పుతో పిలుచుకు రావాల, అందుకే జట్టును తీసుకొచ్చినా. నువ్వు పక్కకు తప్పుకో."

కాశమ్మ లేచింది. పోయి ట్రాక్టరు ముందు, బంపరుకు వీపు ఆనించి నిలబడింది.

"తప్పుకోను."

"ఏందే నీ పొగరు! ఊరికంటే పెద్దదానివా?" అని గద్దించి, ఆమె అట్లాగే చూస్తూ ఉండేసరికి, ఒక్కసారి గొంతు దించి, "తల్లీ, తప్పుంటే క్షమించు, బిడ్డలం" అని చేతులు జోడించాడు. మళ్ళీ అంతలోనే తమాయించుకుని, "ఏమే, నిన్నే!" అన్నాడు. పాపం, ఎదురుగా ఉన్నది మరదలో దేవతో తేల్చుకోలేక అతను పడుతున్న యాతన చూస్తే నాకు జాలి వేసింది.

"బావా, ఒక పని చేద్దాం" అంది కాశమ్మ. "ఇక్కడే కొట్టించు. నాకు వచ్చిందా, నేనే పోయి మంగను తీసుకొస్తా. రాలేదా, బండి వెనక్కి తిప్పు."

"నువ్వు తిన్నావా ముందు చెప్పు."

"సజ్జరొట్టె."

"చూసినారా! తిన్న ఒంటి మీద పందెమా!"

"అమ్మకి అన్నం అంటే అంత భయమేంది బావా? ఊరందరికీ అన్నం పెట్టేది ఆమే అంటారు గదా."

బస్సు జనం పకపకా నవ్వారు. డ్రైవరు స్పానరు పట్టుకుని లేచి వచ్చాడు. ఆ నవ్వు పిచ్చయ్యకు తగిలింది. "కొట్టరా శాంతయ్యా!" అన్నాడు.

శాంతయ్య ట్రాలీ దిగాడు. నెరిసిన జుట్టు, మెడలో నల్లతాడుకు చిన్న శిలువ. డప్పును ఎండకు చూపించి కాస్సేపు కాచాడు. "అక్కా" అన్నాడు మెల్లగా, అనుమతి అడిగినట్టు. ఆమె తల ఊపింది.

ఆ దరువు గురించి నేను ఏం రాయను? మొదట మామూలుగా ఉంటుంది, నడిచేవాడి అడుగుల్లా. తర్వాత ఒక దెబ్బ ఆలస్యంగా పడుతుంది. ఆ ఆలస్యంలో మన గుండె ముందుకు తూలుతుంది. ఏమీ నమ్మని నా ముసలి మోకాళ్ళు కూడా కదలబోయాయి. సంచిని గట్టిగా పట్టుకున్నాను. కాశమ్మ వెనక్కి చేతులు పెట్టి ట్రాక్టరు బంపరును పట్టుకుంది. మెడ నరాలు ఉబ్బాయి. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి, శాంతయ్య చేతుల మీదే ఉన్నాయి. దరువు ముదిరింది. ఆమె ఎడమకాలి మడమ ఒకసారి లేచింది. మంగ కోసమే అనుకుంటాను, ఆ మడమను తిరిగి నేలకు అదిమిపెట్టింది. లేవలేదు ఇంక.

"హోయ్!" అని ఒక కేక.

కాశమ్మ కాదు. మస్తానమ్మ. కొప్పు ఊడిపోయింది, ముక్కుపుడకలు ఎండకు తళతళమంటున్నాయి, కానుగ చెట్టు కింద గిరగిరా తిరుగుతోంది.

"వచ్చింది! అమ్మ వచ్చింది!" అని పిచ్చయ్య రోడ్డు మీద సాగిలపడ్డాడు.

"శాంతయ్యా, ఆపు" అంది కాశమ్మ.

డప్పు ఆగింది. మస్తానమ్మ రెండు చుట్లు ఉత్తినే తిరిగి, నిలబడి, సిగ్గుపడి, కూలబడింది. కాశమ్మ పోయి ఆమె తలను ఒళ్ళో పెట్టుకుని నీళ్ళు తాగించింది.

"ఎవురొచ్చినారమ్మా నీ మీదకి?"

"తెలీదు తల్లీ. చెవుల్లో హోరు. అంతే."

"నువ్వు తిన్నావు గదా నేనిచ్చిన రొట్టె?"

మస్తానమ్మ అవునన్నట్టు తల ఊపింది. అందరూ పిచ్చయ్యను చూశారు. పిచ్చయ్య పంచె దులుపుకుని లేచి, క్షణం కూడా తడబడకుండా అన్నాడు. "అమ్మ చేతి రొట్టె తినింది. అందుకే వచ్చింది. దానికి దోషం లేదు."

నాకు నవ్వు ఆగలేదు. నమ్మకం ముందు రుజువులు పెట్టేవాళ్ళను చూస్తే, బావిలో కంకర వేసి పూడ్చాలని చూసేవాళ్ళు గుర్తొస్తారు. కానీ నవ్వుతున్న నాకు ఒకటి తట్టింది. ఇతను ఒప్పుకోలేదు. పందెం ఓడిపోయినా ఒప్పుకోడు. ట్రాక్టరు దోర్నాలకు పోతుంది.

"ఎక్కండ్రా బండి. పిల్లను తెద్దాం" అన్నాడు పిచ్చయ్య.

జట్టులో ఒకరిద్దరు కదిలారు. శాంతయ్య కదల్లేదు. డప్పును భుజం నుంచి తీసి, రోడ్డు పక్క గడ్డి మీద బోర్లా పెట్టాడు.

"నేను రాను పిచ్చయ్య మామా."

"ఏంది?"

"ఇన్నేండ్లు కాశమ్మక్కను నేనే ఊపినా. ఆమెకు కడుపులో బిడ్డ లేదు కాబట్టి సరిపోయింది. ఆ పిల్లను నేను ఊపలేను. నా డప్పు దోర్నాలకు రాదు. డప్పు లేకుండా అమ్మను పిలుచుకు రాగూడదని నువ్వే అంటావు గదా."

"ఇంకోణ్ణి తెచ్చుకుంటా!"

"తెచ్చుకో మామా. ఆ పిల్ల ఏ దెబ్బకు లేస్తాదో వాడికి తెలియాల గదా. తెలిసిందాకా కొట్టనీ."

పిచ్చయ్య శాంతయ్యను, బోర్లా పడి ఉన్న డప్పును, నల్లమలను చూశాడు. ఊరు కట్టే వేళ ఎంత దూరంలో ఉందో లెక్క వేసుకుంటున్నట్టు ఎండను చూశాడు. నోట్లో ఏదో గొణిగి, మడ్డిగార్డు మీద ఎక్కి కూర్చున్నాడు. ట్రాక్టరు వెనక్కి తిరగడానికి రోడ్డు చాలక మూడుసార్లు ముందుకూ వెనక్కూ ఆడింది.

కాశమ్మ గడ్డి మీది డప్పును ఎత్తి, దుమ్ము దులిపి, శాంతయ్య భుజాన తానే తగిలించింది.

"ఇదేం పాపం చేసిందిరా, బోర్లేసినావు? రా ఊళ్ళోకి. తెల్లార్లూ కొట్టు. నేను ముందు వరసలో నిలబడి వింటా. ఆ దెబ్బంటే నాకు ఇష్టంరా తమ్ముడా. నీకు తెలీదు."

"కదలవు గదక్కా."

"కదలను. కదిలితే నేనే కదిలినట్టు. నా ఇష్టంతో. అప్పుడు ఎవురన్నా కాళ్ళ మీద పడితే తంతా."

"తల్లీ, బండి ఎక్కు" అని పిచ్చయ్య పైనుంచి పిలిచాడు. అతని గొంతులో ఇప్పుడు కోపం లేదు. రాత్రికి ఏమవుతుందోనన్న దిగులు ఉంది. ఆమె ఆ పిలుపు విననట్టు తువ్వాలు మూట కట్టుకుంది. రొట్టె తుంపులు మిగిలితే దారి పక్క పిట్టలకు విదిల్చింది.

నా దగ్గర ఆమెను అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. ఆ మొదటి రాత్రి, ఏమీ తెలియని ఆ రాత్రి, అది కూడా ఉత్త డప్పేనా అని. మజ్జిగ లోటాతో నిలబడ్డ చిన్నమల్లయ్య ఇప్పుడు ఏమంటాడు అని. గడప దగ్గర నిలబడి పిలిచే దేవత ఎప్పుడైనా నిజంగా వస్తే తలుపు తీస్తావా అని. మొదటిది ఎట్లా మొదలుపెట్టాలా అని మాటలు కూర్చుకుంటూ ఉన్నాను. నా జబ్బే అది.

బస్సు హారన్ మోగింది. డ్రైవరు టైరు బిగించేశాడు. మస్తానమ్మ కొప్పు ముడుచుకుంటూ "పెద్దాయనా, ఎక్కు" అని కేకేసింది. నేను తల తిప్పి ఆమె వైపు చూసి, మళ్ళీ ఇటు తిరిగేసరికి, కాశమ్మ రోడ్డు దిగిపోయింది. కంది మోళ్ళ మధ్య కాలిదారిలో, తువ్వాలు మూట చంకన పెట్టుకుని, ఊరివైపు నడుస్తోంది. వెనుక శాంతయ్య, అతని వెనుక బండిదారిలో నెమ్మదిగా ట్రాక్టరు. ఆమె నడక తొందరగానూ లేదు, నిదానంగానూ లేదు. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.